సూదిలో దారం ఎక్కని రోజు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లోంచి మూడింటిని తీసుకున్నాను. మూడూ గాబరాకు వాడే గోలీల గురించే. పేర్లు, ఊళ్లు తీసేసి జిల్లాలు మాత్రం ఉంచాను.

ప్రశ్న: డాక్టరమ్మకు నమస్కారం. నాకు 36 ఏళ్లు. నా భర్త మస్కట్‌లో ఉంటాడు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. పోయిన దసరా తర్వాత ఒక రాత్రి ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంది. చేతులు తిమ్మిరెక్కినయ్, ఇక చచ్చిపోతానన్నంత గాబరా. అట్లా నాలుగైదు సార్లయింది. మూడుసార్లు ఈసీజీ తీశారు, గుండెకేం కాలేదన్నారు. థైరాయిడ్ పరీక్ష కూడా మంచిగనే వచ్చింది. మానసిక డాక్టరు రెండు గోలీలు రాశారు. పొద్దున ఎస్సిటాలోప్రామ్ 10, రాత్రి అల్ప్రజోలామ్ 0.25. రాత్రిది 15 రోజులకే రాశారు. పొద్దుటి గోలీ వేసుకుంటే వాంతి వచ్చినట్టయ్యేది, కడుపు కదిలేది, గాబరా ఇంకా పెరిగింది. నాలుగో రోజు పడేశాను. రాత్రి గోలీ మాత్రం దేవుడిచ్చినట్టే ఉంది. మెడికల్ షాపు తమ్ముడు పాత చీటీ మీదనే ఇస్తున్నాడు. ఐదు నెలలైంది. ఇప్పుడు పూటకొకటి, రోజుకు మూడు వేసుకుంటున్నా. మొన్న స్ట్రిప్పు అయిపోయి రెండు రోజులు వేసుకోలేదు. కన్ను మూతపడలేదు, చేతులు వణికి సూదిలో దారం ఎక్కలేదు. మా అత్తమ్మ ‘ఆ గోలీలు మింగితే పిచ్చి లేస్తది’ అంటుంది. నాకు వ్యసనమైందా? అన్నీ ఒక్కసారే బంద్ పెట్టాలనుకుంటున్నా. (జగిత్యాల జిల్లా)

జవాబు: చెల్లెమ్మా, ముందుగా ఒక్క మాట. బంద్ పెట్టకండి. ఈ సంచిక మీ చేతికి వచ్చేలోపే ఆపేసి ఉంటే, ఇవాళే డాక్టరు దగ్గరికి బయల్దేరండి. ఐదు నెలలుగా రోజూ వేసుకుంటున్న అల్ప్రజోలామ్‌ను ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడంతోనే ఆగకపోవచ్చు. కొందరికి ఫిట్స్ వస్తాయి.

ఇది పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు. నేను నిజామాబాద్‌లో ప్రాక్టీసు చేస్తాను. 2015లో మా వైపు కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, కల్లు దొరక్క జనం ఆస్పత్రులకు వచ్చారు. వణుకుతూ, గోడలతో మాట్లాడుతూ, ఫిట్స్‌తో. కల్లు లేక కాదు అదంతా. ఆ కల్లులో కలిపేవాటిలో ఈ అల్ప్రజోలామ్ ఒకటి. కూలి పని చేసుకునే మనిషి, తానొక మందుకు అలవాటు పడ్డానన్న సంగతే తెలియకుండా ఏళ్ల తరబడి దాన్ని తాగాడు. అందుకే మా జిల్లాల నుంచి ఎవరొచ్చినా ‘కల్లు తాగుతారా?’ అని సిగ్గు లేకుండా అడుగుతాను. మిమ్మల్నీ అడుగుతున్నాను. పండక్కో పబ్బానికో ఒక సీసా తాగే అలవాటుంటే ఈ గోలీలు వేసుకునే రోజుల్లో వద్దు. రెండూ కలిస్తే మత్తు రెండింతలవుతుంది, ఊపిరి మందగిస్తుంది. ఉంటే మీ డాక్టరుకు చెప్పండి, ఆయన లెక్క దాన్నిబట్టి మారుతుంది.

ఇక మీరు అడిగిన వ్యసనం సంగతి. వ్యసనమంటే మత్తు కోసం వెతుక్కోవడం. మీరు వెతుక్కున్నది మత్తు కాదు, కుదురుగా కూర్చుని జాకెట్టు కుట్టుకోగలిగే నాలుగు గంటలు. మీ ఒళ్లు ఆ మందుకు అలవాటు పడింది, అంతే. ఎవరి ఒళ్లయినా పడుతుంది, నాదైనా సరే. దీనికి సిగ్గుపడాల్సింది మీరు కాదు. అల్ప్రజోలామ్‌ను మన దేశంలో షెడ్యూల్ ఎచ్1లో పెట్టారు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చినప్పుడల్లా రిజిస్టర్లో రాసి ఆ రిజిస్టర్ను మూడేళ్లు దాచాలి. స్ట్రిప్పు మీద ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక ఉంటుంది, చూడండి. ఆ తమ్ముడు మీకు మేలే చేస్తున్నాననుకుని ఉంటాడు. నాకు మాత్రం కోపంగానే ఉంది.

ఆ గోలీ చేసే పని ఇట్లా ఉంటుంది. వేసుకున్న అరగంటకో గంటకో గాబరా దిగుతుంది. కొన్ని గంటలకు దాని పట్టు సడలుతుంది. సడలగానే ఒళ్లు అలజడి పడుతుంది. ఆ అలజడి అచ్చం పాత జబ్బులాగే ఉంటుంది కాబట్టి మీరు ‘నాకింకా తగ్గలేదు’ అనుకుని ఇంకో గోలీ వేస్తారు. రాత్రి ఒకటి కాస్తా పూటకొకటి అయిన దారి ఇదే. మీ డాక్టరు 15 రోజులకే రాసింది అందుకే. పొద్దుటి మందు పనిలోకి దిగేదాకా కాస్త ఆసరాకని ఆ గోలీ ఇస్తాం. మీ విషయంలో ఆసరా మిగిలింది, అసలు మందు పెంటకుప్ప మీదికి పోయింది.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేసేదీ ఇదే. మొదటి రోజు ఇబ్బంది పెట్టిన గోలీకి భయపడతారు, మొదటి రోజే హాయినిచ్చిన గోలీని నెత్తిన పెట్టుకుంటారు. భయపడాల్సింది రెండోదానికి.

ఎస్సిటాలోప్రామ్‌తో మొదట్లో కడుపులో తిప్పడం, విరేచనం పలచబడటం, తలనొప్పి, చెమటలు, ఊరికే ఆవలింతలు రావడం మామూలు. కొందరికి మొదటి వారం గాబరా పెరుగుతుంది కూడా. ఈ ముక్క ముందే చెప్పాల్సిన బాధ్యత డాక్టర్లది. బయట నలభై మంది కూర్చుని ఉంటే చెప్పం. నేనూ చెప్పని రోజులున్నాయి. ఈ ఇబ్బందులు చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మీరు నాలుగో రోజే పడేశారు. ఇడ్లీ పిండి రుబ్బిన గంటకే పులవలేదని పారబోసినట్టు!

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు 10 బదులు 5తో మొదలుపెట్టొచ్చా అని డాక్టరును అడగండి. గాబరా జబ్బున్నవాళ్లకు నేనైతే వారం పది రోజులు 5 మీదే ఉంచుతాను. పరగడుపున వద్దు, ఏదైనా తిన్నాక వేసుకోండి. అది వేసుకుంటే నిద్ర చెడితే పొద్దున్నే, నిద్ర ముంచుకొస్తే రాత్రికి మార్చుకోవచ్చు. ఏది మార్చినా ముందు ఆయనకు చెప్పి మార్చండి. మోకాళ్ల నొప్పికో తలనొప్పికో షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకునే అలవాటుంటే మానుకోండి. దీనితో కలిస్తే కడుపులో రక్తస్రావమయ్యే ముప్పు పెరుగుతుంది. ట్రమడాల్ అనే నొప్పి గోలీ దీనితో అసలు పడదు. మామూలు నొప్పికి పారాసిటమాల్ చాలు.

పొద్దుటి గోలీ కుదురుకున్నాకే అల్ప్రజోలామ్ తగ్గించడం మొదలవుతుంది. మీది రోజుకు 0.75. రెండు మూడు వారాలకోసారి అర గోలీ చొప్పున తగ్గిస్తే ఆరు మెట్లు, అంటే మూడు నాలుగు నెలలు. కొందరు డాక్టర్లు ముందు దీన్ని క్లోనజెపామ్‌లోకి మార్చి తర్వాత తగ్గిస్తారు. అది ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి దిగడం అంత కుదుపుగా ఉండదు. ఏ దారి అన్నది మిమ్మల్ని ఎదురుగా చూసే డాక్టరే తేల్చాలి, ఉత్తరం చూసి నేను తేల్చకూడదు. ఒక మెట్టు దగ్గర వణుకు, నిద్రలేమి ఎక్కువైతే అక్కడే ఇంకో వారం ఆగండి. అక్కడే తట్టుకోలేక మళ్లీ మూడు గోలీలకు ఎక్కి, ‘నా వల్ల కాదు’ అనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

మీ దగ్గర కొలతల పుస్తకం ఉంటుంది కదా? దాని వెనక పేజీల్లో రోజూ రాసుకోండి. ఏ గోలీ, ఎన్ని గంటలకు, ఎంత, దడ ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది. డాక్టరు దగ్గర ‘ఎట్లుంది?’ అంటే అందరూ ‘అట్లనే ఉంది’ అంటారు. పుస్తకం తెరిస్తే పోయిన నెల వారానికి ఐదుసార్లు వచ్చిన దడ ఈ నెల రెండుసార్లే వచ్చిందని తెలుస్తుంది. తేలికపడ్డాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా పొద్దుటి మందు సాగాలి. ఆపేటప్పుడు దాన్నీ మెల్లగానే తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే తలలో కరెంటు షాకు కొట్టినట్టు ఝుమ్మనడం, తల తిరగడం, చికాకు వస్తాయి.

అత్తమ్మను ఒకసారి డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి. పిచ్చి లేస్తుందో లేదో ఆయన్నే అడగనివ్వండి. రాత్రిపూట గాబరా ఎక్కువై దిక్కు తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపేది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: పెళ్లయి ఏడాదిన్నర. ఎనిమిది నెలలుగా ఎస్సిటాలోప్రామ్ 20 వాడుతున్నాను. గాబరా పోయింది, ఆఫీసులో నలుగురి ముందు మాట్లాడగలుగుతున్నాను. కానీ పడకగదిలో కోరిక తగ్గింది, స్ఖలనానికి చాలా ఆలస్యమవుతోంది. నా భార్య తనంటే ఇష్టం పోయిందనుకుంటోంది. శని, ఆదివారాలు గోలీ మానేసి చూస్తున్నాను. డాక్టరును అడగాలంటే నోరు రావట్లేదు. (హైదరాబాద్)

జవాబు: ఈ మందుతో చాలామందికి ఉండే ఇబ్బందే ఇది. ఆడవాళ్లకూ ఉంటుంది, వాళ్లు మీ అంత కూడా చెప్పరు. కడుపులో తిప్పడం లాగా ఇది దానంతటది పోకపోవచ్చు, కాబట్టి ఎదురుచూస్తూ కూర్చోవద్దు. శని, ఆదివారాల సెలవు వల్ల ఒరిగేది తక్కువ. ఒక్కరోజు మానితే మందు ఒంట్లోంచి పోదు. రెండ్రోజులు మానితే సోమవారం తల తిరుగుడు మిగులుతుంది, గాబరా తిరగబెట్టే ప్రమాదం కూడా. 20 అంటే దీనికి పై హద్దు. కుదురుగా ఉన్నారు కాబట్టి 15కో 10కో దించి చూడొచ్చేమో డాక్టరును అడగండి. దించినా తేడా రాకపోతే ఈ ఇబ్బంది తక్కువగా ఉండే మందులున్నాయి. మిర్టజపిన్ అందులో ఒకటి, కాకపోతే అది నిద్ర, ఆకలి, బరువు పెంచుతుంది. షుగర్ పరీక్ష చేయించారా? సిగరెట్ ఉందా? అవీ చెప్పండి. నోరు రాకపోతే మీరు నాకు రాసిన ఈ నాలుగు వాక్యాలే కాగితం మీద రాసి ఆయన బల్ల మీద పెట్టండి. అంతకంటే ముందు, ఈ రాత్రికే, మీ ఆవిడకు చూపించండి. ఆమె మందుల కథ తెలియక తనలో లోపం వెతుక్కుంటోంది.

ప్రశ్న: మా అమ్మకు 70 ఏళ్లు. నాన్న పోయాక దిగులు, భయం ఎక్కువైతే మూడు వారాల క్రితం ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టారు. బీపీ గోలీ ఎప్పటి నుంచో ఉంది. నాలుగు రోజులుగా మగతగా పడి ఉంటోంది, వాంతి వస్తోందంటోంది, నిన్న నన్ను మా మామయ్య పేరుతో పిలిచింది. వయసు వల్లేనంటున్నారు చుట్టాలు. (ఖమ్మం జిల్లా)

జవాబు: బాబూ, పత్రికలో జవాబు కోసం ఆగకూడదనే మీకు ముందే ఫోన్ చేసి చెప్పించాను. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మకు 71వ ఏట ఇదే జరిగింది. ఇదే మందు, రెండో వారం. పొయ్యి మీద పాలు పెట్టి ఎందుకు పెట్టిందో మర్చిపోయి నిలబడింది. రెండు రోజులు నేను కూడా ‘వయసు’ అనే అనుకున్నాను. ఇన్నేళ్ల ప్రాక్టీసున్న మనిషిని! మూడో రోజు రక్తపరీక్షలో సోడియం 119 వచ్చింది. ఉండాల్సింది 135 నుంచి 145. ఈ రకం మందులు పెద్దవాళ్లలో సోడియాన్ని పడగొట్టగలవు. పైగా మా అమ్మ వేసుకునే బీపీ గోలీలో నీరు లాగే మందు, హైడ్రోక్లోరోథయజైడ్, కలిసి ఉంది. రెండూ ఒకవైపే లాగాయి. గోలీ పేరు చివర ‘ఎచ్’ అని ఉంటే చాలాసార్లు అదే మందు, చూసుకోండి. అమ్మను ఆస్పత్రిలో చేర్చి, సోడియాన్ని నిదానంగా పెంచారు. దాన్ని గబగబా పెంచడం కూడా ప్రమాదమే కాబట్టి ఇంట్లో ఉప్పు నీళ్లు తాగించి సరిచేద్దామనుకోవద్దు.

65 దాటినవాళ్లకు ఈ మందు మొదలుపెడితే రెండు మూడు వారాల్లో ఒకసారి సోడియం చూడమని అడగండి. చిన్న పరీక్ష, చాలా ల్యాబుల్లో అదే రోజు రిపోర్టు ఇస్తారు. మగత, వాంతులు, తడబాటు, నడకలో తూలడం కనపడితే అప్పటికప్పుడు. వెళ్లేటప్పుడు కొత్త చీటీ ఒక్కటే కాదు, బీపీ గోలీల స్ట్రిప్పు, మోకాళ్ల నొప్పికి వాడేవి, అలమరలో మిగిలినవి, అన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి.