చలి రాత్రి బాయిలర్ ఖాళీ అయిందంటే హీటర్ పాడైనట్టు కాదు

ముందుగా ఒక్క మాట. బాయిలర్ నీళ్లను బయటికి వదిలే డ్రెయిన్ వాల్వ్ బటన్‌కు టేపు చుట్టడం గానీ, ఏదైనా అడ్డుపెట్టి నొక్కి ఉంచడం గానీ దయచేసి చేయకండి. మిగతాది నెమ్మదిగా చూద్దాం.

మీరు చెప్పింది ఇదీ: పాత కారవాన్ (లోపలే ఉండి నిద్రపోయే, వండుకునే బండి) కొన్నారు. మొదటి చలి రాత్రే బాయిలర్‌లోని నీళ్లన్నీ బండి కిందికి కారిపోయాయి. పొద్దున డ్రెయిన్ వాల్వ్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా నిలవలేదు. హీటర్‌ను గ్యాస్ మీద పెడితే కాసేపు ఫ్యాను తిరిగి, ఎర్ర లైటు వచ్చి ఆగిపోతోంది. చూసినాయన యూనిట్ మొత్తం మార్చాలన్నారు. కొనే ముందు అడిగి మంచి పని చేశారు. మీరు రాసినవాటిలో హీటరే పాడైందని గట్టిగా చెప్పేది ఒక్కటీ లేదు.

వాల్వ్ సంగతి. కారవాన్లలో వాడే ట్రూమా కాంబి లాంటి హీటర్లకు పెట్టే ఆ వాల్వ్‌కు కరెంటు అక్కర్లేదు. దాని చుట్టూ ఉన్న గాలి 3 డిగ్రీల దగ్గరికి చల్లబడగానే తనంతట తానే తెరుచుకుని ట్యాంకు ఖాళీ చేస్తుంది. మళ్లీ మూయాలంటే అక్కడ 7 డిగ్రీలు దాటాలి. అంతవరకు ఎంత నొక్కినా బటన్ పైకి తన్నేస్తుంది. మీది చేయాల్సిన పనే చేసింది. చాలా బండ్లలో ఇది మంచం కిందో, అల్మరా అడుగునో, బయటి గోడను ఆనుకుని ఉంటుంది. మీరు కూర్చున్న చోట వెచ్చగా ఉన్నా ఆ మూల చల్లగానే ఉండొచ్చు.

కాబట్టి వరుస మార్చండి. ముందు గది హీటింగ్ వేయండి (గ్యాస్ మీద ఆగిపోయే ఎర్ర లైటు సంగతి కింద చెబుతాను). గదినీ నీళ్లనీ ఒకే యూనిట్ వేడిచేసే ఈ రకం, ట్యాంకులో నీళ్లు లేకపోయినా గదిని వేడి చేయగలదు. వాల్వ్ ఉన్న చోటి తలుపు తీసిపెట్టి, వెచ్చని గాలి అక్కడికి చేరేదాకా ఆగి, అప్పుడు బటన్ నొక్కండి. నిలిచాకే నీళ్లు పట్టండి. కరెంటు కాయిల్ ఉన్న విడి బాయిలర్ అయితే మాత్రం ఖాళీగా ఉండగా పొరపాటున కూడా స్విచ్ వేయకూడదు, కాయిల్ కాలిపోతుంది. కొన్ని పాత బాయిలర్లకు ఈ ఆటోమేటిక్ వాల్వ్ ఉండదు, చేత్తో తిప్పే మీట ఒక్కటే ఉంటుంది. అలాంటివాటిని చలికి ముందు మనమే గుర్తుపెట్టుకుని ఖాళీ చేయాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కారవాన్ కొన్న రెండో చలికాలంలో నాకూ సరిగ్గా ఇలాగే జరిగింది. బటన్ నిలవడం లేదని విసుగొచ్చి ఒక బట్టల క్లిప్పు బిగించాను. నీళ్లు నిలిచాయి, రెండు రోజులు హాయిగా స్నానాలు చేశాం. మూడో రోజు హీటింగ్ ఆపేసి, తాళం వేసి వెళ్లిపోయాం. క్లిప్పు అలాగే ఉండిపోయింది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. తిరిగొచ్చి నీళ్లు పడితే ట్యాంకు అతుకు దగ్గర నుంచి కారడం మొదలైంది. అతికించడం కుదరదన్నారు. చలికి గడ్డకట్టి పగిలితే వారంటీ వర్తించదని కూడా అప్పుడే తెలిసింది. ఆ యూనిట్ మార్చడానికి పెట్టిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

ఇక ఎర్ర లైటు. మంట అంటుకోవడానికి హీటర్ కొన్నిసార్లు ప్రయత్నించి, అంటుకోకపోతే గ్యాస్ మూసేసి తాళం పడినట్టు ఆగిపోతుంది. చలికాలంలో దీనికి నేను ఎక్కువగా చూసిన కారణం సిలిండరే. ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీల కింద కూడా ఆవిరవుతుంది. బ్యూటేన్ మాత్రం సున్నా దగ్గరే ఆగిపోతుంది. రెండూ కలిసిన సిలిండర్ అయితే చలిలో ప్రొపేన్ ముందుగా ఖర్చైపోతుంది, అడుగున బ్యూటేన్ ఎక్కువగా మిగులుతుంది. అప్పుడు సిలిండర్ ఎత్తితే బరువుగానే ఉంటుంది, గ్యాస్ మాత్రం సరిగ్గా రాదు. స్టవ్ వెలుగుతోంది కదా అనుకుంటాం. కానీ 4 కిలోవాట్ల హీటర్ పూర్తిగా మండితే గంటకు 320 గ్రాముల దాకా గ్యాస్ తాగుతుంది. ఒక చిన్న బర్నర్ మంటకు చాలిన గ్యాస్ దానికి చాలదు. చలికాలానికి ప్రొపేన్ సిలిండర్ పెట్టుకోండి. మీ ఎర్ర లైటు సమస్య దీంతోనే పోవచ్చు.

సిలిండర్ మార్చిన వెంటనే ఒకటి రెండుసార్లు ఆగిపోయినా టెన్షన్ పడొద్దు, గొట్టంలో గాలి ఉండిపోతుంది. ముందు స్టవ్ వెలిగించి గాలి పోనిచ్చి, హీటర్ ఆపి, కొన్ని నిమిషాలాగి మళ్లీ వేయండి. అప్పటికీ రాకపోతే రెగ్యులేటర్‌లో నూనెలాంటి జిగురు చేరిందేమో చూపించండి. గొట్టం మీదా రెగ్యులేటర్ మీదా తయారీ తేదీ ఉంటుంది. పాత బండి కొన్నవాళ్లు మొదటి రోజే చూడాల్సిన తేదీలవి.

గ్యాస్ బాగానే ఉంటే బ్యాటరీ చూడండి. గ్యాస్ మీద నడిచినా ఫ్యానుకూ, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డుకూ 12 వోల్ట్‌లు కావాలి. హీటర్ దగ్గర అది 10.5కు పడిపోతే మొరాయిస్తుంది. బ్యాటరీ దగ్గర కాదు, ఫ్యాను తిరుగుతుండగా హీటర్ తీగల దగ్గర కొలవండి. పాత బండిలో వదులైన కనెక్షన్లు అక్కడే బయటపడతాయి.

కరెంటు మీద వాడేటప్పుడు చిన్న లెక్క ఒకటి గుర్తుంటే చాలు. 230 వోల్ట్‌ల సరఫరాలో 900 వాట్ల కాయిల్ దాదాపు 4 ఆంపియర్లు, 1800 అయితే దాదాపు 8 లాగుతుంది. దానికి తోడు కెటిల్ పెడితే క్యాంపింగ్ సైట్‌లో బ్రేకర్ పడిపోవచ్చు, మనం హీటర్‌ను తిట్టుకుంటాం. 10 లీటర్ల నీళ్లను 15 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి అర యూనిట్ కరెంటు పడుతుంది. 900 వాట్ల మీద అది 35 నిమిషాలకు తక్కువ కాదు. ఓపిక పడితే ఆ 10 లీటర్లు చన్నీళ్లతో కలిసి దాదాపు 20 లీటర్ల స్నానం నీళ్లవుతాయి.

నీళ్లు పట్టేటప్పుడు వేడి కుళాయిలన్నీ తెరిచి పంపు వేయండి. గాలి బుడబుడమని పోయి ధార నిండుగా వచ్చేదాకా మూయకండి. బాయిలర్ నిండిందని తెలిసేది అప్పుడే. వేడెక్కాక బయట రెండు మూడు చుక్కలు పడితే కంగారు అక్కర్లేదు, వేడికి నీరు వ్యాకోచించి ప్రెషర్ బయటికి పోతుంది. ఆగకుండా కారితేనే చూపించాలి.

ఇప్పుడు అసలైన పని, ఖాళీ చేయడం. నేను దీన్ని ఒక బకెట్‌తో చేస్తాను. హీటర్ ఆపి నీళ్లు చల్లారాక పంపు స్విచ్ ఆపేస్తాను. కుళాయిలన్నీ వేడినీళ్లకూ చన్నీళ్లకూ మధ్యలో పెట్టి తెరుస్తాను. షవర్‌ను కిందికి దించి పడేస్తాను. ఆ తర్వాత వాల్వ్ తెరిచి, కింద పడే నీళ్లను బకెట్‌లో పట్టి కొలుస్తాను. 10 లీటర్ల ట్యాంకు నుంచి 6 లీటర్లే వచ్చాయంటే మిగతావి లోపలే ఉన్నాయి, దారి ఎక్కడో మూసుకుపోయింది. కొలవకుండా ‘ధార ఆగింది కదా’ అని వదిలేస్తే ఆ మిగిలిన నీళ్లే కొంప ముంచుతాయి. కుళాయిలు చలికాలమంతా తెరిచే ఉంచండి. ఫిల్టర్ గిన్నె, పంపు, టాయిలెట్ ఫ్లష్ ట్యాంకు మరిచిపోయే చోట్లు, వాటిలోనూ నీళ్లు నిలుస్తాయి.

నీళ్లు కఠినంగా ఉండే చోట్ల వాడితే ట్యాంకులో గార కడుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెనిగర్ కలిపిన నీళ్లతో శుభ్రం చేసి, పుల్లని వాసన పోయేదాకా కడగండి. వాడకుండా కొన్ని రోజులు నిలిచిన నీళ్లను తాగొద్దు, వంటకు వాడొద్దు, పారబోయండి.

మీది వేడిగాలి గొట్టాల బండి అనుకుంటున్నాను. ఒకవేళ ఆల్డే కంపెనీ హీటర్ లాంటి రేడియేటర్ల రకం అయితే, గోడల వెంట తిరిగేది గ్లైకాల్ (గడ్డకట్టకుండా కాపాడే ద్రవం) కలిపిన నీళ్లు. మామూలు గ్లైకాల్‌ను రెండేళ్లకోసారి మార్చాలి, ఎక్కువ కాలం మన్నే రకం అయిదేళ్లు వస్తుంది. మట్టం తగ్గిందని ఉత్త నీళ్లు పోస్తూ పోతే పలచబడి చలికి గడ్డకడుతుంది. గుడగుడ శబ్దం వస్తే లోపల గాలి చేరింది, గాలి వదిలే బ్లీడ్ స్క్రూలు తిప్పి దాన్ని తీసేయాలి.

ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి ఇది తప్పక చదవండి. బయట గోడకో పైకప్పుకో ఉండే పొగ గొట్టం దగ్గర కందిరీగ గూడు, ఆకులు, మంచు లేకుండా చూసుకోండి. పక్కన గుడారం గుడ్డ అడ్డు రాకూడదు. చలిగాలి వస్తోందని నేలలోని కంతలు మూసేవాళ్లున్నారు. ఎల్పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, అది బయటికి పోయే దారి ఆ కంతలే. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు కాబట్టి దాన్ని పసిగట్టే అలారం ఉండాలి, దాని మీది గడువు తేదీ కూడా చూడాలి. బర్నర్ విప్పే పని మీరు చేయొద్దు. ఏడాదికోసారి గ్యాస్ పని అధికారికంగా తెలిసినవాళ్లతో చేయించండి.

ఈ వారం రెండు చూసి రాయండి: సిలిండర్‌లో ఉన్నది ప్రొపేనా, బ్యూటేనా, రెండూ కలిసిందా? ఫ్యాను తిరుగుతుండగా హీటర్ దగ్గర వోల్టేజీ ఎంత? ఎర్ర లైటు ఎన్నిసార్లు మిణుకుతోందో కూడా లెక్కపెట్టండి. దాన్నిబట్టి హీటర్ విప్పించాలా వద్దా అన్నది చెప్పగలను.