మా తమ్ముడిని భజనకు తీసుకురావద్దంటున్నారు... ఏం చేయను?

ప్రశ్న: మాది తిరుపతి. మా తమ్ముడికి 29 ఏళ్లు. ఆరేళ్లుగా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు మాత్రలు వాడుతున్నాడు. వాడికి చిన్నప్పటి నుంచీ భజన అంటే ప్రాణం. శనివారం సాయంత్రాలు మా వీధి రామాలయానికి వెంటబెట్టుకుని వెళ్తున్నా. భజన మధ్యలో నాలుగైదుసార్లు లేచి తిరుగుతాడు, తనలో తాను ఏదో గొణుక్కుంటాడు. "పిల్లలు భయపడుతున్నారమ్మా, కొన్నాళ్లు తీసుకురావద్దు" అని మండలి పెద్దాయన అన్నారు. ఇంకొకావిడేమో వాడికి అమ్మవారు పూనుతోందని, మాత్రలు ఆపేసి 41 రోజులు గుడిలో నిద్ర చేయించమని చెబుతున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.
— ఒక సోదరి, తిరుపతి

జవాబు: అమ్మా, తమ్ముడిని భజనకు తీసుకెళ్లడం మానకండి. మాత్రలూ ఆపకండి. ఎందుకో చెబుతాను, వీలైతే ఈ జవాబు మండలి పెద్దాయనకు కూడా చూపించండి.

ముందు ఆ లేచి తిరగడం సంగతి చూద్దాం. అది జబ్బు ముదిరిందనడానికి గుర్తు కాకపోవచ్చు, మాత్రల వల్లే కావచ్చు. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే కొన్ని మందులతో ఒంట్లో, ముఖ్యంగా కాళ్లలో, ఒక రకమైన అలజడి పుడుతుంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది, నడిస్తే కాస్త నెమ్మదిస్తుంది. దీన్ని మా వైద్యులం అకథీసియా అంటాం. చూసేవాళ్లకు కుదురు లేనట్టు కనిపిస్తుంది కానీ అనుభవించేవాళ్లకు అది నరకం. ఆ బాధ ఓర్చుకోలేకే మాత్రలు మానేసేవాళ్లు ఉన్నారు. ఇంట్లో అన్నం తినేటప్పుడు, టీవీ ముందు కూర్చున్నప్పుడు కూడా ఇలాగే లేస్తున్నాడా గమనించండి. "లోపల ఆగలేనట్టు ఉంటోందా?" అని అతన్నే అడగండి. అవునంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. డోసు తగ్గించడమో, మందు మార్చడమో, తోడుగా ఇంకో మాత్ర ఇవ్వడమో చేస్తారు. చాలామందికి తగ్గిపోతుంది. మీ అంతట మీరు మాత్రం డోసు ముట్టుకోవద్దు.

గొణుక్కోవడం వేరు. చెవిలో వినపడే స్వరాలకు జవాబు చెబుతూ ఉండొచ్చు. మందులు బాగా పనిచేస్తున్నా కొందరికి ఆ స్వరాలు పూర్తిగా పోవు. పాట వింటున్నప్పుడు, పాడుతున్నప్పుడు అవి కాస్త వెనక్కి తగ్గుతాయని చాలామంది చెబుతారు. మీ తమ్ముడు భజన కోసం తపించడంలో భక్తితో పాటు ఇది కూడా ఉండొచ్చు.

ఇక పూనకం. ఏటా గంగమ్మ జాతర చేసుకునే ఊరు మనది, పూనకమంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ వివరించనక్కర్లేదు. డప్పుల మధ్య వస్తుంది, కాసేపటికి దిగుతుంది, మర్నాడు ఆ మనిషి ఎప్పటిలా పనికి వెళ్తాడు. దాన్ని మేం జబ్బు అనం. నెలల తరబడి నిద్ర చెదిరి, చదువో ఉద్యోగమో ఆగిపోయి, అయినవాళ్లనే అనుమానించే స్థితికి వస్తే దాన్ని జబ్బు అంటాం. మీ తమ్ముడిది ఆరేళ్లుగా వైద్యంలో ఉన్న జబ్బు.

మాత్రలు ఆపమన్న ఆవిడ మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. అయినా వద్దని చెప్పిన పెద్దాయన కంటే ఆవిడ సలహాతోనే నాకు ఎక్కువ భయం. మాత్రలు ఆపిన వెంటనే చాలామందికి ఏమీ కాదు. మగత తగ్గి ముఖం తేటపడుతుంది, ఇంకేం, నయమైందని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. కొన్ని వారాలకో నెలలకో జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు మళ్లీ మామూలు కావడానికి మునుపటి కంటే ఎక్కువ కాలం పట్టవచ్చు. గుడిలో నిద్ర చేయాలని అతనికే ఉంటే చేయనివ్వండి, తాయెత్తు కట్టించండి, తీర్థం ఇప్పించండి. మాత్ర మాత్రం వేళకు పడాలి.

గుడి వాతావరణం మేలు చేస్తుందని నేనూ నమ్ముతాను, ఊరికే కాదు. తమిళనాడులోని ఒక గుడిలో కొన్ని వారాలు ఉండిపోయిన 31 మంది మానసిక రోగులను బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులు గమనించి, 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. వాళ్ల లక్షణాలు దాదాపు 20 శాతం తగ్గాయి. అక్కడ జబ్బు పోగొట్టే ప్రత్యేక తంతులేవీ లేవు. పొద్దున ప్రార్థన, గుడి పనుల్లో చిన్నపాటి సాయం, ఎవరూ కసరకపోవడం, అంతే. ఆ ఆదరణే పని చేసిందని వాళ్ల అభిప్రాయం. మందు వాడిన వాళ్లతో పోల్చి చూసిన పరిశోధన కాదది, కాబట్టి మందులు అక్కర్లేదని దీన్ని బట్టి అనలేం. అదే తమిళనాడులో, ఏర్వాడిలో 2001 ఆగస్టులో ఏం జరిగిందో కూడా మరవకూడదు. దర్గా దగ్గర నయమవుతుందని తెచ్చి, గొలుసులతో కట్టి ఉంచిన వాళ్లు మంటల్లోంచి తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. మానసిక జబ్బున్న వాళ్లను సమాజం నుంచి వేరు చేసి ఉంచకూడదని కూడా చెప్పింది.

అలాగని పెద్దాయన దగ్గర చట్టం ఎత్తకండి. భజన లేని వేళ ఇంటికి వెళ్లి మాట్లాడండి. అంతకంటే ముందు తమ్ముడిని అడగండి: వెళ్లాలని ఉందా, జబ్బు సంగతి ఎంతవరకు చెప్పమంటాడు? అతను ఒప్పుకున్నంతే చెప్పండి. మండలిని అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. మైకుకు దూరంగా, గుమ్మం పక్కన చోటు, లేచి వెళ్లినా వచ్చినా ఎవరూ తలతిప్పి చూడకుండా. పక్కన కూర్చోవడానికి మీరు కాక ఇంకొకరు, అప్పుడు మీరూ నిశ్చింతగా నాలుగు పాటలు పాడుకోగలరు. పేరు పెట్టి పలకరింపు. చేతికొక పని: తాళాలు పంచడమో, చివర్లో ప్రసాదం పెట్టడమో. పిల్లలకు "ఆ అన్నకు ఒంట్లో బాగాలేదు, మందులు వేసుకుంటున్నాడు, మనల్ని ఏమీ అనడు" అంటే చాలు, పెద్దవాళ్ల కంటే వాళ్లే తొందరగా అలవాటు పడతారు. ఈ జబ్బున్న వాళ్లలో ఎక్కువ మంది ఎవరినీ కొట్టరు, దెబ్బలు తినేది చాలాసార్లు వాళ్లే.

చర్చికి, మసీదుకు వెళ్లే పాఠకులకూ ఇదే మాట. "విశ్వాసం చాలకనే నీకు తగ్గలేదు" అని జబ్బు మనిషితో ఎవరూ అనకండి. అసలే లోలోపల తనను తాను తిట్టుకుంటున్న మనిషిని ఆ మాట ఇంకా కిందికి తోస్తుంది.

ఉపవాసాలు, జాగారాల విషయంలో జాగ్రత్త. శ్రీకాళహస్తిలో శివరాత్రి జాగారం చేయాలంటే ముందు డాక్టరును అడగండి. బైపోలార్, అంటే అతి ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు, ఉన్నవాళ్లకు ఒక్క రాత్రి నిద్ర లేకపోయినా ఉన్మాదం మొదలుకావచ్చు. ఆ జబ్బుకు ఇచ్చే లిథియం మందు వాడేవాళ్లు నీళ్లు కూడా ముట్టకుండా ఏకాదశి ఉండకూడదు, రక్తంలో మందు మోతాదు పెరిగి ప్రమాదం కావచ్చు.

రెండు మూడు రాత్రులు నిద్ర పోకపోయినా, తిండి మానేసినా, చనిపోతానన్నా, దేవుడే ఎవరినో కొట్టమంటున్నాడని చెప్పినా శనివారం దాకా ఆగొద్దు. వెంటనే మీ డాక్టరు దగ్గరికో, రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికో తీసుకెళ్లండి. ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ప్రాణాపాయం అనిపిస్తే 108కి చేయండి.