మోస్ట్ వాంటెడ్ వీడియో గేమ్‌లోని నీలం-వెండి బీఎండబ్ల్యూ నిజమైన కారేనా?

నిజమైనదే, 2005లో వచ్చిన ‘నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్’ గేమ్‌లో కనిపించే ఎం3 జీటీఆర్‌ను బీఎండబ్ల్యూ సంస్థ రేసుల కోసం తయారు చేసింది. రోడ్ల మీద తిరిగే మామూలు ఎం3లో ఆరు సిలిండర్ల ఇంజన్ ఉండేది. అమెరికన్ లె మాన్స్ సిరీస్ అనే కార్ల రేసుల్లో పోర్షే 911 కార్లను అందుకోవడానికి అది చాలకపోవడంతో, 2001లో దాని స్థానంలో 4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ బిగించారు. ఆ ఏడాదే జీటీ విభాగంలో టైటిల్ కొట్టింది. తర్వాత నిబంధనలు కఠినం చేయడంతో బీఎండబ్ల్యూ ఆ సిరీస్ నుంచి తప్పుకుంది.

గేమ్‌లో యాక్సిలరేటర్ నొక్కగానే ఈల వేసినట్టు సన్నటి శబ్దం వస్తుంది కదా, పళ్లు నిటారుగా కోసిన రేసు గేర్లు అలాగే అరుస్తాయి. షోరూమ్ ఎం3 గేర్లు అలా మోగవు.

చాలామంది పొరపాటు ఇక్కడే: మామూలు ఎం3కి బాడీ కిట్ (బయటి భాగాల సెట్), నీలం స్టిక్కర్లు వేస్తే అదే కారైపోతుందనుకుంటారు. పైరూపం వస్తుంది, లోపలి వీ8 రాదు. ఆ నీలం-వెండి డిజైన్ కూడా గేమ్ కోసం వేసిందే.