గల్ఫ్‌లో ఇంటి పనికెళ్లిన మనిషి పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోవచ్చా?

(కావలి నుంచి కువైట్‌కి వెళ్లిన పనిమనిషి మీద కథ రాస్తున్నవారి ప్రశ్న: పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉన్నట్టు రాయొచ్చా?)

ఉంచుకోకూడదు, కానీ కథలో అలా రాయొచ్చు, ఎందుకంటే వాస్తవంలో అది తరచూ జరుగుతుంది. కువైట్‌లో ఇంటి పనివాళ్ల కోసం 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం, పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టు పెట్టుకోవడం తప్పు. అసలు కష్టం ఆ 'ఒప్పుకోవడం'లోనే ఉంది. భాష రాని కొత్త ఇంట్లో, దిగిన రోజే "ఇలా ఇవ్వు" అంటే కాదనగలదా? ఆ క్షణాన్ని కథలో తొందరగా దాటేయకండి.

ఆమె అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) పేరుతో ముడిపడి ఉంటుంది. ఉదాహరణకు మీ కథానాయిక దెబ్బలకు తట్టుకోలేక బయటికొస్తే, కఫీల్ 'పారిపోయింది' అని ఫిర్యాదు చేయగలడు. మనవాళ్ల మాటలో ఆమె 'ఖల్లివల్లి', అంటే సరైన కాగితాలు లేకుండా ఉంటున్న మనిషి, అయిపోతుంది.

వీసా డబ్బు కట్టాడు కాబట్టి పాస్‌పోర్టు కూడా యజమానిదే అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. మన పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. అది చేతిలో లేకపోయినా, ఇంటికి రావడానికి మన ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వగలదు. కఫీల్ పెట్టిన 'పారిపోయింది' ఫిర్యాదు సంగతి మాత్రం విడిగా తేల్చుకోవాలి.