పాఠకుల ప్రశ్నలు – జవాబులు: గోముఖ్‌కు ఎనిమిది రోజులు చాలవు

ప్రశ్న: నాకు 58 ఏళ్లు, బీపీ మాత్రలు వాడుతున్నాను. మే నెలలో ఇంటిల్లిపాదీ గంగోత్రి వెళ్లి, అక్కణ్ణుంచి గోముఖ్ దాకా నడిచి గ్లేసియర్ చూడాలని ఉంది. ఎనిమిది రోజులు సెలవు దొరికింది. సరిపోతుందా?
– పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: గంగోత్రికి సరిపోతుంది. గోముఖ్‌కు చాలదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

మొదటి రోజు గన్నవరంలో విమానమెక్కి ఢిల్లీ, సాయంత్రానికి రిషికేశ్. రెండో రోజు ఉత్తరకాశీ. దూరం 170 కిలోమీటర్లే అయినా ఘాట్ రోడ్డు కాబట్టి ఆరేడు గంటలు పడుతుంది. మూడో రోజు హర్షిల్, సుమారు 2,600 మీటర్ల ఎత్తు. నాలుగో రోజు గంగోత్రి, 3,100 మీటర్లు. అక్కడ రెండు రాత్రులు ఉండాలి. ఆరో రోజు 14 కిలోమీటర్లు నడిచి భోజ్‌బాసా చేరితే, ఏడో రోజు ఉదయం మరో 4 కిలోమీటర్లు నడిచి గోముఖ్ చూసి భోజ్‌బాసాకే తిరిగి రావచ్చు. ఎనిమిదో రోజు గంగోత్రి, తొమ్మిదో రోజు ఉత్తరకాశీ, పదో రోజు రిషికేశ్, పదకొండో రోజు ఇల్లు. కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోతే పనికొచ్చేలా ఇంకో రోజు చేతిలో ఉంచుకోవాలి. అంటే పన్నెండు రోజులు. రానూపోనూ రైలే అయితే మరో మూడు రోజులు కలుపుకోండి.

ఎనిమిది రోజుల్లో ముగించాలనుకునేవాళ్లు మొదట ఎగరగొట్టేది హర్షిల్‌లో రాత్రినీ, గంగోత్రిలో రెండో రాత్రినీ. "ఊరికే కూర్చోవడమేగా" అనిపిస్తుంది. ఆ కూర్చోవడమే అసలు పని. విజయవాడలో మనం ఉండేది సముద్ర మట్టానికి పాతిక మీటర్లలోపు ఎత్తులో. గంగోత్రిలో గాలి ఒత్తిడి ఇక్కడున్న దాంట్లో 70 శాతమే. భోజ్‌బాసా దాదాపు 3,800 మీటర్ల ఎత్తు, అక్కడ మూడింట రెండు వంతులు కూడా ఉండదు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది పర్వత వైద్యుల సూత్రం. గంగోత్రి నుంచి భోజ్‌బాసాకు ఒక్క రోజులో 700 మీటర్లు పెరుగుతుంది. గంగోత్రిలో రెండో రాత్రి ఉండమనేది అందుకే.

ఎత్తు పడకపోతే చేరగానే తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, సాధారణంగా మొదటి రాత్రి, తలనొప్పితో మొదలవుతుంది. తర్వాత అన్నం సయించదు, వికారం, నిద్ర పట్టదు. మనవాళ్లు దీన్ని "ప్రయాణ బడలిక", "పైత్యం" అనుకుని ఒక మాత్ర మింగి పొద్దున్నే బయలుదేరతారు. అక్కడే దెబ్బ తింటారు. గంగోత్రిలో రెండో రోజు పొద్దున తలనొప్పి ఉంటే ఆ రోజు పైకి వెళ్లకండి. తగ్గాకే కదలండి. కూర్చున్నా ఆయాసం, దగ్గు ఉన్నా, ఒక కాలి మడమను రెండో కాలి బొటనవేలికి ఆనించి పది అడుగులు తిన్నగా వేయలేక తూలుతున్నా, అది ఊపిరితిత్తుల్లో నీరో, మెదడు వాపో కావచ్చు. వెంటనే కిందికి దించాలి, ఆక్సిజన్ పెట్టించాలి. గంగోత్రిలో అయితే కారుంది. భోజ్‌బాసాలో రోడ్డు 14 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

మీ బీపీ సంగతి. అదుపులో ఉన్న బీపీ ఈ ప్రయాణానికి అడ్డు కాదు. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానకండి. బయలుదేరే ముందు డాక్టరుకు "3,800 మీటర్ల ఎత్తులో రెండు రాత్రులు పడుకుంటాం" అని అంకెతో చెప్పండి. "తీర్థయాత్రకు వెళ్తున్నాం" అంటే ఆయనకు కాశీయో తిరుపతో అనిపిస్తుంది.

నెల విషయానికొస్తే, మేలో చార్‌ధామ్ రద్దీ. గోముఖ్ దారిలో వాగుల దగ్గర మంచు గడ్డకట్టి జారుతుంది కూడా. జూలై, ఆగస్టు అసలు వద్దు. 2025 ఆగస్టు 5న ఇదే దారిలోని ధరాలీ ఊరిని వరద బురద ముంచేసింది. మా ఓటు దసరా సెలవులకే. సెప్టెంబరు చివర్లో వాన వెనక్కి తగ్గి ఆకాశం తేటపడుతుంది. దీపావళి తర్వాత గుడి మూసేస్తారు, కాబట్టి ఆలోపే తిరిగి రావాలి.

ప్రశ్న: గోముఖ్‌కు అనుమతి ఎక్కడ తీసుకోవాలి?
– పాఠకుడు, కొత్తపేట, గుంటూరు

జవాబు: రెండు వేర్వేరు కాగితాలు. గంగోత్రి యాత్రకు ఉత్తరాఖండ్ ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదు ఒకటి. గోముఖ్ దారి గంగోత్రి జాతీయ పార్కులో ఉంది కాబట్టి అటవీ శాఖ అనుమతి ఇంకొకటి. రోజుకు 150 మందికే ఇస్తారు. మొదటిది ఉంది కదా అని రెండోది లేకుండా వెళ్తే చెక్‌పోస్టు దగ్గర వెనక్కి పంపుతారు. ఆధార్ నకళ్లు, ఫొటోలు మనిషికి రెండేసి ఉంచుకోండి. వెంట ఉన్న ప్లాస్టిక్ వస్తువులు చెక్‌పోస్టులో లెక్కపెడతారు, తిరిగొచ్చేటప్పుడు చూపించాలి. చెగోడీలు, జంతికల ప్యాకెట్లు ఇంట్లోనే విప్పి గుడ్డ సంచిలోకి మార్చుకుంటే ఆ గొడవ ఉండదు. నగదు ఉత్తరకాశీలోనే తీసుకోండి. గంగోత్రి దాటాక ఫోను సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.

ప్రశ్న: గోముఖ్ ఫొటోలు చూశాను. మంచుకొండ అనుకుంటే కంకర క్వారీలా ఉంది. ఇదేనా హిమానీనదం?
– పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఇదే. చాలామంది అక్కడిదాకా వెళ్లి నిరాశపడేది కూడా ఇందుకే, ముందే అడిగి మంచిపని చేశారు.

హిమానీనదం అంటే కదిలే మంచుగడ్డ. గంగోత్రి హిమానీనదం పొడవు దాదాపు 30 కిలోమీటర్లు. మనకు కనిపించేది దాని చిట్టచివరి కొస. రెండు పక్కలా ఉన్న కొండల నుంచి రాళ్లు, ఇసుక దాని మీద పడుతూనే ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ పైపొర మంచు కరిగి నీరై పోతుంది, రాళ్లు మాత్రం ఎక్కడికీ పోవు. ఉప్పుమడిలో నీరు ఆవిరై ఉప్పు మిగిలినట్టే. అందుకే కొసకు వచ్చేసరికి మంచు మీద రాళ్ల దుప్పటి. లోపలి మంచు చూడాలంటే భాగీరథి బయటికొచ్చే ముఖద్వారాన్ని చూడాలి. అక్కడ గడ్డ విరిగిన చోట నీలిబూడిద రంగు కనిపిస్తుంది. గట్టిగా అణిగిపోయిన మంచు వెలుగులోని ఎరుపును పీల్చుకుని నీలాన్ని వదులుతుంది. బయటికొచ్చే నీరు కూడా తేటగా ఉండదు. మంచు కింద రాయి రాయి ఒరుసుకుని పిండైన పొడి అందులో కలిసి, బియ్యం కడిగిన నీళ్లలా ఉంటుంది. సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున బూడిదరంగు పొర తేరుతుంది. అయినా వడగట్టి మరిగించకుండా తాగకండి.

ఈ కొస ఒక చోట నిలిచి ఉండదు. 1935లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన జె.బి. ఆడెన్ దీన్ని కొలిచి పటం గీశారు. అప్పుడు గుర్తించిన చోటి నుంచి ఇప్పటికి కిలోమీటరుకు పైగా వెనక్కి జరిగింది.

దగ్గరికి వెళ్లి ముట్టుకోవచ్చా అని అడిగేవాళ్లు ఉంటారు. అర కిలోమీటరు ఇవతలే ఆగాలన్నది నిబంధన, అది ఉత్తినే పెట్టింది కాదు. ఎండ పడ్డాక గడ్డలో ఇరుక్కున్న రాళ్లు వదులవుతాయి. ముందు చిటపటమంటూ గులకరాళ్లు జారతాయి, వాటి వెనకే పెద్ద చెక్క ఊడిపడొచ్చు. మధ్యాహ్నానికి కరుగు నీరు పెరిగి వాగులు ఉబ్బుతాయి. పొద్దున మోకాలి కింద ఉన్న వాగు సాయంత్రం నడుముదాకా రావొచ్చు. అందుకే వెళ్లేది తెల్లవారుజామున, తిరిగొచ్చేది మధ్యాహ్నంలోపు.

ప్రశ్న: అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. నడవకుండా గ్లేసియర్ చూపించే మార్గం ఉందా?
– పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉంది. శ్రీనగర్ నుంచి 80 కిలోమీటర్ల దూరంలో సోన్‌మార్గ్, ఎత్తు 2,700 మీటర్ల పైచిలుకు. అక్కణ్ణుంచి థాజివాస్ వైపు గుర్రాల మీద తీసుకెళ్తారు. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి గుర్రం ఎక్కి దిగడమే కష్టం, కాబట్టి ముందు అది ఆలోచించండి. వేసవిలో గుర్రంవాళ్లు "గ్లేసియర్" అని చూపించేది చాలాసార్లు కరగకుండా మిగిలిన పాత మంచే. అసలైనది పైన కొండ ఒడిలో ఉంటుంది.

కారు దిగకుండా నిజమైన హిమానీనదం చూడాలంటే లద్దాఖ్‌లో కార్గిల్ నుంచి జన్‌స్కార్ వెళ్లే దారిలో పెన్సి లా కనుమ ఉంది. అక్కణ్ణుంచి ద్రంగ్-ద్రుంగ్ హిమానీనదం మొత్తం పాములా మెలికలు తిరిగి కనిపిస్తుంది. అయితే ఆ కనుమ 4,400 మీటర్ల ఎత్తు. కార్గిల్‌లో రెండు రాత్రులు ఉండకుండా అమ్మగారిని అక్కడికి తీసుకెళ్లొద్దు. డబ్బు అడ్డు కాకపోతే స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావ్‌యోహ్ స్టేషన్ దాకా రైలే వెళ్తుంది, 3,454 మీటర్లు. కింద ఆల్ప్స్‌లోకెల్లా పొడవైన ఆలెచ్ హిమానీనదం. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పైన గంట, గంటన్నరకు మించి ఉండకుండా దిగిపోతే చాలు.

ప్రశ్న: బూట్లు, బట్టలు ఎలాంటివి కొనాలి? ఇక్కడి ఎండలో సాధన ఎలా?
– పాఠకురాలు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మందపాటి ఉన్ని సాక్సు వేసుకుని తొడగాలి. ముందుకు తోసినప్పుడు మడమ వెనక ఒక వేలు దూరాలి. అంత ఖాళీ లేకపోతే దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోతుంది. కొన్న బూట్లు కనీసం నెల రోజులు తొడుక్కుని అరగదీయాలి. ఒంటికి ఆనే బనియను నూలుది వద్దు. చెమట పట్టి ఆరదు, ఆగగానే వణుకు పుడుతుంది. సింథటిక్‌ది లోపల, పైన ఫ్లీస్, ఆపైన గాలీ వానా ఆపే జాకెట్. ఒక్క లావుపాటి స్వెట్టరు కన్నా ఈ మూడు పొరలు మేలు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే యూవీ400 కళ్లద్దాలు లేకుండా మంచు మీద నాలుగు గంటలు తిరిగితే రాత్రికి కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట.

సాధనకు నడక చాలదు, మెట్లు కావాలి. మంగళగిరి పానకాల స్వామి కొండ మెట్లు తెల్లవారుజామున ఐదింటికి, వీపున ఐదు కిలోల బరువుతో, వారానికి మూడు రోజులు, ఆరు వారాలు. ఎక్కడం ఊపిరికి, దిగడం తొడలకు. దిగడం మానకండి. అయితే ఎంత సాధన చేసినా ఎత్తుకు అలవాటు పడటం వేరు. కుర్రాళ్లే తొందరగా ఎక్కి ముందు పడిపోతుంటారు.

ప్రశ్న: ఎత్తు పడకపోవడాన్ని ఆపే డయామాక్స్ మాత్ర వేసుకుంటే విశ్రాంతి రోజులు అక్కర్లేదా? ఇన్సులిన్ ఎలా మోయాలి?
– పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అక్కర్లేదనుకోవద్దు. పెద్దలకు సాధారణంగా 125 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి రాస్తారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది. సల్ఫా మందులు పడనివారు, మూత్రం ఎక్కువగా పోయే బీపీ మాత్రలు వాడేవారు డాక్టరును అడక్కుండా వేసుకోకూడదు. ఇన్సులిన్‌కు గుంటూరు నుంచి హరిద్వార్ దాకా చల్లదనం కావాలి, అక్కణ్ణుంచి పైకి వెచ్చదనం కావాలి. ఒకసారి గడ్డకడితే, కరిగాక మామూలుగా కనిపించినా పారేయాల్సిందే. రాత్రి బ్యాగులో వదలకుండా ఒంటికి ఆనుకున్న జేబులో పెట్టుకోండి. షుగరు చూసే మిషను, ఫోను బ్యాటరీ కూడా అక్కడే.

ప్రశ్న: అన్నం వండుకోవచ్చా?
– పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: భోజ్‌బాసా ఎత్తులో నీళ్లు 87 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో ఎంతసేపు ఉంచినా అన్నం పలుకుగానే ఉంటుంది, పప్పు అసలు ఉడకదు. కుక్కరు ఉంటేనే పని. దొరికిన రొట్టె, ఖిచిడీ తింటూ మీ సీసాలోని ఆవకాయ నంజుకోండి. కాకపోతే ఆ సీసా గాజుదై ఉండాలి, మూత మీద గుడ్డ బిగించి కట్టాలి. ఎత్తు పెరిగేకొద్దీ లోపలి గాలి ఉబ్బి నూనె కారి బట్టలన్నీ ఎర్రబడతాయి.