ఆరో తరగతి అమ్మాయికి గణిత పదాలు: పట్టిక ఎందుకు ఇవ్వడం లేదంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీ అమ్మాయి ఐదో తరగతి దాకా ఊళ్ళో తెలుగు మాధ్యమంలో చదివింది. ఈ ఏడాది హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మాధ్యమంలో ఆరో తరగతిలో చేరింది. అంకెలు రాసిస్తే లెక్క చేస్తుంది, ప్రశ్న వాక్యంగా ఉంటే దిక్కులు చూస్తుంది. తెలుగు, ఇంగ్లిష్ గణిత పదాల పట్టిక ఒకటి ఇస్తే రోజుకు పది చొప్పున బట్టీ పట్టిస్తానని అడిగారు.

సైదాబాద్‌లో మా ఇంటి వసారాలో పదహారేళ్ళుగా లెక్కల ట్యూషన్ చెబుతున్నాను. మీ అమ్మాయి లాంటి పిల్లలు ప్రతి జూన్‌లోనూ ఇద్దరు ముగ్గురు వస్తారు. మొదటి రెండేళ్ళు నేనూ పట్టికలే ఇచ్చాను. క్వోషెంట్ అంటే భాగఫలం, రిమైండర్ అంటే శేషం అని పిల్లలు పద్యంలా ఒప్పజెప్పేవారు. పరీక్షలో మాత్రం మళ్ళీ అవే తప్పులు. ఎందుకో నాకు తెలిసింది ఒక అబ్బాయి వల్ల, మా మామగారి వల్ల.

ఆ అబ్బాయి అయిదులోంచి పన్నెండు తీసేసి కూర్చున్నాడు. ప్రశ్నలో ఉన్నది పన్నెండు నుంచి అయిదు తీసేయమని. ఆరు లెక్కల్లో ఆరూ అలాగే తిరగేశాడు. వీడికి తీసివేత రాదనుకుని కోపంతో మరో పది తీసివేతలు రాసిచ్చాను. పదీ సరిగ్గా చేసి తెచ్చాడు. వాలు కుర్చీలోంచి ఇదంతా చూస్తున్న మామగారు, "వాడికి తీసివేత వచ్చమ్మా, నీ వాక్యమే వాడికి ఎదురు తిరిగింది" అన్నారు. చూస్తే నిజమే. తెలుగులో "12 నుంచి 5 తీసివేయి" అంటాం. చెవికి ముందు పన్నెండు, తర్వాత అయిదు వినిపిస్తాయి, రాసేదీ అదే వరసలో. ఇంగ్లిష్‌లో అదే మాట "సబ్‌ట్రాక్ట్ 5 ఫ్రమ్ 12" అని చెప్పేటప్పుడు అయిదు ముందు వస్తుంది, పన్నెండు వెనక వస్తుంది. కొత్తగా వచ్చిన పిల్లవాడు కనిపించిన వరసలో రాసుకుపోతాడు. "5 కన్నా 3 ఎక్కువ", "20 కన్నా 4 తక్కువ" లాంటివీ అంతే. వాడిని ఆపింది 'సబ్‌ట్రాక్ట్' కాదు, దాని వెనక నిలబడిన 'ఫ్రమ్' అనే బుల్లి మాట. నా పట్టికలో ఆ మాట ఎక్కడా లేదు.

కాబట్టి మొదటి పని పదాలు కాదు. ఒక ప్రశ్న తీసుకుని, అంకెలు చేత్తో మూసేసి, అందులో ఏం జరుగుతోందో తెలుగులో కథలా చెప్పమనండి. ఎవరి దగ్గరి నుంచి ఎవరికి పోయింది, ఎన్ని వాటాలైంది, ఇంకా ఏం మిగిలింది. లెక్క చేయవద్దు. పది రోజులు ఇదే చాలు.

ఇక పదాల సంగతి. ఇన్నేళ్ళలో నాకు తెలిసింది ఏమిటంటే, పిల్లలు కొత్త మాటకు భయపడతారు గానీ దాని దగ్గర పెద్దగా తప్పు చేయరు. హైపోటెన్యూస్ అనే మాటకు వాళ్ళ బుర్రలో వేరే అర్థం లేదు, నేర్పింది నేర్పినట్టు నిలబడుతుంది. కాలికి తగిలేవి ముందే తెలిసిన మాటలు. ఆడ్ నంబర్ అంటే వింతగా ఉండే సంఖ్య అనుకుంటారు. ప్రొడక్ట్ (లబ్ధం) అంటే దుకాణంలో సరుకు. మీన్ (సగటు) అంటే చెడ్డవాడు, వాల్యూమ్ (ఘనపరిమాణం) అంటే టీవీ చప్పుడు. రైట్ యాంగిల్ (లంబకోణం) ఉంది కదా, లెఫ్ట్ యాంగిల్ ఏదని ఏటా ఒక్కరైనా అడుగుతారు. ఒకమ్మాయి 7/4 అని జవాబు సరిగ్గా తెచ్చి, అది ఇంప్రాపర్ భిన్నమని, అంటే పై సంఖ్య కింది దానికన్నా పెద్దదని నేను అనగానే మొహం చిన్నబుచ్చుకుని రబ్బరుతో తుడిచేసింది. ఇంప్రాపర్ అంటే తప్పని వాళ్ళ క్లాసులో విని ఉంది మరి!

తెలుగు మాటలు మాత్రం తక్కువ తిన్నాయా? త్రిభుజానికి భూమి అంటే నేల అనుకుని, బొమ్మలో కింద ఉన్న గీత తప్ప ఇంకేదీ భూమి కాదంటారు. ఏ భుజాన్నైనా భూమి అనుకోవచ్చని, దాని ఎదుటి మూల నుంచి దాని మీదికి దించిన లంబమే ఎత్తని చెప్పడానికి అట్టముక్క త్రిభుజాన్ని మూడు రకాలుగా తిప్పి చూపించాలి. వర్గం అనగానే వార్తల్లోని మా వర్గం, మీ వర్గం గుర్తుకొస్తాయి. పదం అంటే మాట, బీజగణితంలో పదం వేరు. కర్ణం మరీ తమాషా: లంబకోణ త్రిభుజంలో పెద్ద భుజానికీ అదే పేరు, చతుర్భుజంలో ఎదురెదురు మూలలను కలిపే గీతకూ అదే పేరు. ఇంగ్లిష్‌లో మొదటిది హైపోటెన్యూస్, రెండోది డయాగనల్. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు రెండింటికీ ఒకే ఇంగ్లిష్ మాట వాడటం ఇందువల్లే. దీనికి సరిగ్గా తిరగబడిన సంగతి స్క్వేర్. ఇంగ్లిష్‌లో ఆ ఒక్క మాటే, తెలుగులో బొమ్మ అయితే చతురస్రం, సంఖ్య అయితే వర్గం. చింతగింజలు అయిదేసి చొప్పున అయిదు వరసలు పేర్పించండి. పాతిక గింజలు చతురస్రంగా కూర్చుంటాయి, రెండు మాటలూ అక్కడ కలుస్తాయి. ఆ గింజలు చేతిలో ఉండగానే సరి బేసి ఆట కూడా ఆడించేయండి. గుప్పెట మూసి సరా బేసా అని అడగడం మన పిల్లలకు ఇంకా తెలుసు. ఈవెన్, ఆడ్ ఆ గుప్పెట్లోనే వచ్చేస్తాయి.

భిన్నాల విషయంలో హైదరాబాద్ పిల్లలు అదృష్టవంతులు. మాదన్నపేట మార్కెట్‌కు ఒకసారి వెంట తీసుకెళ్ళి చెవులు అప్పగించమనండి. పావు కిలో, అర కిలో, ముప్పావు అని తెలుగులో వినిపిస్తాయి. పక్క బండి దగ్గర డేఢ్ కిలో అంటే ఒకటిన్నర, ఢాయీ అంటే రెండున్నర, సవా దో అంటే రెండుంబావు, పౌనే దో అంటే రెండుకు పావు తక్కువ. మిశ్రమ భిన్నాలు, భిన్నాల తీసివేత అన్నీ కూరగాయల బండి మీదే ఉన్నాయి. రెండుంబావును పావులుగా చెప్పమంటే తొమ్మిది పావులు. 9/4 అని రాసుకున్నాక అది అపక్రమ భిన్నమైనా, ఇంప్రాపర్ అయినా దడవదు. భిన్నంలో పైన రాసే లవం అంటే చిన్న ముక్క, లవలేశం అంటాం కదా, అదే. కింద రాసే హారం దగ్గర మెడలో హారం గుర్తు చేయకండి, భాగహారంలోని హారాన్ని గుర్తు చేయండి, విడగొట్టేది అది. భిన్నం అన్న మాటకే విరిగినదని అర్థం. ఇంగ్లిష్ ఫ్రాక్షన్ కూడా లాటిన్‌లో విరగడం అనే మాట నుంచే వచ్చింది, ఎముక ఫ్రాక్చర్ దానికి తోబుట్టువు. ఇది చెప్పాక ఏ పిల్లా ఫ్రాక్షన్‌ను మరచిపోవడం నేను చూడలేదు.

ఇలా రెండు భాషలూ ఒకే బొమ్మ గీసిన చోట్లు ఇంకా ఉన్నాయి. పెరిమీటర్‌ను గ్రీకులో విడదీస్తే చుట్టూ, కొలత. మన చుట్టుకొలత అచ్చంగా అదే. వృత్తంలో చాపం అంటే విల్లు, జ్యా అంటే వింటి నారి. ఆర్క్ లాటిన్‌లో విల్లే, కార్డ్ అంటే తీగ. పర్సెంట్‌లో నూరుంది, శాతంలో శతం ఉంది. రెండు భాషలు వేరే దారి పట్టిన చోట్లూ బాగుంటాయి: మనం త్రిభుజం అని భుజాలు లెక్కపెట్టాం, ట్రయాంగిల్ అని వాళ్ళు కోణాలు లెక్కపెట్టారు.

క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, ఇంగ్లిష్‌లో ఎల్.సి.ఎం.), గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం, హెచ్.సి.ఎఫ్.) గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆరో తరగతిలో పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కనిష్ఠ అని ఉంది కాబట్టి జవాబు చిన్నదిగా ఉండాలని, గరిష్ఠ అని ఉంది కాబట్టి పెద్దదిగా ఉండాలని అనుకుంటారు. 6, 8 తీసుకుంటే కనిష్ఠ సామాన్య గుణిజం 24, గరిష్ఠ సామాన్య భాజకం 2. పేరుకు పూర్తిగా వ్యతిరేకం! ఇంగ్లిష్‌లోనూ ఇదే చిక్కు. మాటను చివరి నుంచి చదివించండి. గుణిజం అంటే ఎక్కంలో వచ్చే సంఖ్య, ఆరో ఎక్కం ఆరు దగ్గర మొదలై పైకే పోతుంది. భాజకం అంటే నిశ్శేషంగా భాగించే సంఖ్య, అది ఆరును దాటదు. ఈ రెండూ తేలాక కనిష్ఠం, గరిష్ఠం వాటంతట అవే చోటు చూసుకుంటాయి. నేను చెప్పే ఉదాహరణ: కోఠిలో ఒక బస్సు ఆరు నిమిషాలకొకటి, ఇంకోటి ఎనిమిది నిమిషాలకొకటి బయలుదేరుతుందనుకో, ఇప్పుడు రెండూ కలిసి కదిలాయి, మళ్ళీ ఎప్పుడు కలిసి కదులుతాయి? ఇరవై నాలుగు నిమిషాలకు. రెండోదానికి పూలదండలు: ఆరు మూరలది ఒకటి, ఎనిమిది మూరలది ఒకటి, ఏమీ మిగలకుండా రెండింటినీ ఒకే కొలత ముక్కలు చేయాలి, వీలైనంత పెద్ద ముక్కలు. రెండేసి మూరలు. మీరు చదివిన రోజుల్లో గ.సా.కా. అని ఉండి ఉంటే కంగారు పడకండి, కారణాంకం చోట భాజకం వచ్చిందంతే.

వైశాల్యానికి ఈ ఊళ్ళో ఒక సౌకర్యం ఉంది. ఇక్కడ ఎవరి ఇంట్లో చూసినా స్థలం మాట వస్తే గజాల్లోనే మాట్లాడతారు. మూడు అడుగులు ఒక గజం కాబట్టి చదరపు గజానికి మూడు చదరపు అడుగులే అని మా ట్యూషన్‌లో ఒకబ్బాయి పట్టుబట్టాడు. వాళ్ళ నాన్నగారు అప్పుడే 150 గజాల స్థలం కొన్నారు. నీ లెక్కలో అది 450 చదరపు అడుగులు, నాన్నగారి కాగితంలో ఎంతుందో చూసి రా అన్నాను. 1,350 అని చూసి వచ్చాడు, కాగితం మీద అనుమానంతో! డాబా మీద సుద్దముక్కతో గజం పొడవు, గజం వెడల్పు గీసి అడుగు అడుగుకీ గళ్ళు కొట్టించాను. తొమ్మిది గళ్ళు. ఊళ్ళో పొలం తెలిసిన పిల్ల కాబట్టి మీ అమ్మాయికి ఇంకా ముందుకు పోవచ్చు. గుంట అంటే 121 చదరపు గజాలు, నలభై గుంటలు ఎకరం, అంటే 4,840 చదరపు గజాలు. 121 ఎవరి వర్గమో అడగండి.

తెలుగు మాటే అన్నిచోట్లా మేలని నేను అనను. పూర్ణాంకాలు, పూర్ణ సంఖ్యలు అని రెండు పేర్లున్నాయి. సున్నాతో మొదలయ్యేవి మొదటివి, రుణ సంఖ్యలు కూడా కలిసినవి రెండోవి. ఇంత దగ్గరి పేర్లు పెట్టి పిల్లలు కలిపేసుకుంటే తప్పు వాళ్ళదా? ఇక్కడ హోల్ నంబర్, ఇంటీజర్ అని నేర్పడమే సుఖం. పై తరగతుల్లో అకరణీయ సంఖ్యలు వస్తాయి. ముందు 'అ' చూసి అవి ఇర్రేషనల్ అనుకుంటారు, కాదు, అవే రేషనల్. వర్గమూలం తెగని సంఖ్యను పూర్వం కరణి అనేవారు, ఆ బెడద లేనివి అకరణీయాలు. దానికి ఇంకా సమయం ఉంది.

మా మామగారి మాట పైన చెప్పాను. ఆయన నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదివారు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే ఉండేది, శాస్త్ర పదాల కోసం అంతకు ముందు ఏడాదే అనువాద విభాగం పెట్టారు. ఆయనకు చివరిదాకా కూడిక జమా, తీసివేత తఫ్రీఖ్, హెచ్చవేత జరబ్, భాగహారం తఖ్సీమ్. త్రిభుజం ముసల్లస్. నాకు తెలుగు, మా అబ్బాయికి ఇంగ్లిష్. ముగ్గురం ఒకే లెక్క మూడు భాషల్లో చేసుకుని జవాబు దగ్గర కలిసేవాళ్ళం. ఆయన్ను చూశాకే, మాధ్యమం మారితే పిల్ల చదువు పాడవుతుందనే భయం నాలో తగ్గింది.

పుస్తకాల గురించి కూడా అడిగారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలు మంచివే గానీ అవి కళాశాల చదువులకు. మీకు కావలసింది తెలంగాణ ప్రభుత్వ బడుల ద్విభాషా పాఠ్యపుస్తకం. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ అదే పాఠం ఇంగ్లిష్. మీ అమ్మాయి బడిలో వేరే పుస్తకం ఉన్నా ఇది ఇంట్లో పెట్టుకోండి. ముందు తెలుగు పేజీ చదివి, లెక్క మాత్రం ఇంగ్లిష్ పేజీలో చేయమనండి.

ఆ తర్వాత ఒక నోటుపుస్తకం. నేను పట్టిక ఇవ్వనన్నది ఇందుకే, అది ఆమే రాసుకోవాలి. ఇంగ్లిష్ మాట, తెలుగు మాట, మూడో చోట తన సొంత గుర్తు. రోజుకు రెండు మాటలు మించవద్దు, ఆ రోజు తగిలినవే రాయాలి. మూడో గడిలో ఏం రాసినా దిద్దవద్దు. పోయినేడు మా దగ్గరకు వచ్చిన ఆరో తరగతి అమ్మాయి రిమైండర్ రాసి, శేషం రాసి, పక్కన "ఆటోలో పట్టక బడి గేటు దగ్గరే ఉండిపోయిన పిల్లలు" అని రాసుకుంది.