గిన్నెలో మరిగించిన ఉప్పు చేదెక్కింది ఎందుకు?

ప్రశ్న: పిల్లల పాఠంలో ‘నీటిని ఆవిరి చేస్తే ఉప్పు వేరవుతుంది’ అని ఉంటే, కొత్తపట్నం తీరం నుంచి సముద్రపు నీళ్లు తెచ్చి, వడకట్టి, పూర్తిగా ఇగిరేదాకా మరిగించాం. మిగిలిన పొడి చేదుగా ఉంది. మర్నాటికి చెమ్మగిల్లి ముద్దయింది. చినగంజాం మడుల్లో ఆరేదీ సముద్రపు నీరే కదా, ఆ ఉప్పు ఇలా ఎందుకు ఉండదు?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీ ప్రయోగంలో తప్పు లేదు, పాఠంలోని వాక్యమే సగంలో ఆగిపోయింది. ఆవిరి చేస్తే నీరు పోయి, అందులో కరిగినవన్నీ కలిసికట్టుగా మిగులుతాయే తప్ప, అవి ఒకదాని నుంచి ఒకటి విడిపోవు. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటే, వంటకు పనికివచ్చే సోడియం క్లోరైడు అందులో సుమారు 27 గ్రాములు. మిగతా వాటిలో ఎక్కువ భాగం మెగ్నీషియం లవణాలు. చేదు వాటిదే, గాలిలోని తేమను లాక్కునేది మెగ్నీషియం క్లోరైడు.

ఉప్పు రైతు నీటిని మడి నుంచి మడికి మళ్లిస్తూ ఎండలో చిక్కబరుస్తాడు. అది దాదాపు ఐదో వంతుకు తగ్గేసరికి జిప్సం అనే తెల్లని కాల్షియం లవణం అడుగున పేరుకుంటుంది. ఇంచుమించు పదో వంతుకు తగ్గాక, అంటే ఉప్పునీటి చిక్కదనాన్ని చెప్పే బామే కొలతలో 25 డిగ్రీల దగ్గర, ఉప్పు పలుకులు కట్టడం మొదలవుతుంది. అసలు మెలకువంతా ఆ తరువాతే ఉంది. కొలత 29 డిగ్రీలకు చేరేసరికి, ఇంకా కొంత మంచి ఉప్పు కరిగి ఉందని తెలిసినా, మిగిలిన చేదు నీటిని బయటికి వదిలేయాలి. ఆశపడి చివరిదాకా ఆరబెడితే మడిలోనూ మీ గిన్నెలోని పొడే మిగులుతుంది. గట్టున కుప్ప పోసినప్పుడు పలుకులకు అంటిన చేదు నీరు చాలావరకు కిందికి జారిపోతుంది. జారక మిగిలినదే వానాకాలంలో రాళ్ల ఉప్పు జాడీలో నీరు ఊరడానికి ముఖ్య కారణం.

ఈసారి లీటరు నీటిని సన్నని సెగ మీద అరగ్లాసుకు తగ్గించి, పేరుకున్న తెల్లని మడ్డిని వడకట్టి తీసేయండి. మళ్లీ మరిగించి, రెండు మూడు టేబుల్ స్పూన్ల నీరు మిగిలి ఉండగానే దాన్ని వంచేసి, అడుగున ఉన్న పలుకులను ఆరబెట్టండి. ఇంకా చేదు తగిలితే, ఇక కరగలేనంత ఉప్పు కలిపిన కొద్దిపాటి నీటితో వాటిని కడగండి: ఆ నీటిలో ఉప్పు కరగదు, మెగ్నీషియం మాత్రం పోతుంది. తీరపు నీళ్లు కనుక, కూరలోకి మాత్రం వాడకండి.